ఈ జంటని పండక్కి పిలవొచ్చా? నేటి ప్రేమ నవలల్ని హాయిగా చదువుకోవడానికి సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం వైపు సాహిత్యం మాటెత్తితే ముందు గుర్తొచ్చేవి భూమి, వలస, పోరాటం. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో తెలుగు కథల కోసమే కథానిలయం అన్న గ్రంథాలయం పెట్టిన గడ్డ ఇది. ఇక్కడ కూర్చుని "నేను రొమాన్స్ నవలలు చదువుతాను" అంటే ఎదుటివాళ్ళు కాసేపాగి, "టైంపాస్‌కా?" అంటారు. అవును, టైంపాస్‌కే. కానీ టైం హాయిగా పాస్ అవ్వాలన్నా ఏ పుస్తకం తియ్యాలో, ఎలా చదవాలో కొంచెం తెలిసుండాలి. చేతికందింది తీసి, హీరో హీరోయిన్ ఇద్దరి మీదా చిరాకేసి, "ఈ నవలలన్నీ ఇంతే" అని పక్కన పడేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. నిజానికి వాళ్ళకి నచ్చనిది ప్రేమ నవల కాదు, ఆ పుస్తకంలో జంట.

అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇంగ్లీషులో వస్తున్న నేటి నవలలకీ, తెలుగులో ప్రతిలిపి లాంటి యాప్‌లలో సీరియల్‌గా వచ్చేవాటికీ, జిల్లా గ్రంథాలయంలో బైండు చేసి పెట్టిన పాత నవలలకీ కూడా ఇది పనికొస్తుంది.

మొదటి మెట్టు: ముగింపు తెలిసే మొదలుపెట్టండి

ఈ రకం నవలకి పెద్ద షరతులు రెండే. కథంతా ఇద్దరి ప్రేమ చుట్టూ తిరగాలి. చివర్లో ఇద్దరూ కలిసి సంతోషంగా ఉండాలి, లేదా ఉంటారన్న నమ్మకమైనా కలగాలి. ఆఖర్న ఒకరు చచ్చిపోతే అది గొప్ప ప్రేమకథ కావచ్చు గానీ, పుస్తకాలవాళ్ళ లెక్కలో రొమాన్స్ కాదు. 1908లో లండన్‌లో మొదలై, 1930ల నాటికి ప్రేమ నవలలకే పేరుపడి, 2008లో మన దేశంలోనూ అడుగుపెట్టిన ప్రచురణ సంస్థ మిల్స్ అండ్ బూన్ ఇన్నాళ్ళూ పాఠకులకి ఇస్తూ వచ్చిన హామీ ఇదే.

"చివరేమవుతుందో తెలిశాక ఇంక చదివేదేముంది?" అని అడుగుతుంటారు. హరికథకి వెళ్ళినవాళ్ళెవరికీ సీతారాముల పెళ్ళవుతుందా లేదా అన్న టెన్షన్ ఉండదు. ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జె కట్టి ఆడిన విజయనగరంలో ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. ఆ పెళ్ళి దాకా కథని ఎలా నడిపించారన్నదాంట్లోనే ఉంది రుచంతా.

కాబట్టి మొదట మానుకోవాల్సింది "తర్వాతేమవుతుంది" అన్న ఆత్రం. పేజీలు గబగబా తిప్పేస్తే ఈ నవలల్లో మిగిలేది ఏమీ ఉండదు, ఎందుకంటే జరిగే సంఘటనలు నిజంగానే తక్కువ. ఇద్దరు మనుషులు ఒకరినొకరు గమనించుకోవడం, అపార్థం చేసుకోవడం, మళ్ళీ చూడటం, అంతే సరుకు. మధ్యలో మరీ గుబులుగా ఉంటే చివరి పేజీ తిప్పి చూసుకోండి. డిటెక్టివ్ నవలకి అది ద్రోహం. దీనికి ఏ దోషమూ లేదు.

రెండో మెట్టు: మీ మూడ్‌కి తగ్గ రకం పట్టుకోండి

ఈ నవలల పాఠకులకి రకాల పేర్లన్నీ నోటికొస్తాయి. వాటిలో కొన్ని తెలుసుకుంటే పుస్తకం వెనక అట్ట చదవగానే లోపల ఏముందో సగం అర్థమవుతుంది. ఎనిమీస్ టు లవర్స్ అంటే కొట్టుకుంటూ మొదలై దగ్గరవడం. ఫేక్ డేటింగ్ అంటే ఏదో అవసరానికి ప్రేమికులమని నటించబోయి నిజంగానే ప్రేమలో పడటం. సెకండ్ ఛాన్స్ అంటే ఒకసారి విడిపోయినవాళ్ళు ఏళ్ళ తర్వాత మళ్ళీ ఎదురుపడటం. గ్రంపీ సన్‌షైన్ అంటే ఒకరు ముటముటలాడే రకం, ఒకరు గలగలా నవ్వే రకం. స్లో బర్న్ అంటే చెయ్యి తగలడానికే రెండొందల పేజీలు పట్టే వ్యవహారం.

జంట నచ్చాలన్నదే ముఖ్యమనుకునే కొత్త పాఠకులకి నేనైతే స్నేహితులు ప్రేమికులయ్యే కథతోనో, గ్రంపీ సన్‌షైన్‌తోనో మొదలుపెట్టమంటాను. శత్రువుల రకం సరదాగానే ఉంటుంది గానీ అందులో రచయిత చెయ్యి కాస్త జారితే ఎగతాళి కాస్తా అవమానం అయిపోతుంది. పెళ్ళయ్యాక ప్రేమ పుట్టే రకం మనవాళ్ళకి ఇట్టే ఎక్కుతుంది. ఇంగ్లీషు నవలలో దానికి ఆస్తి వీలునామా, వీసా గొడవ అంటూ ఏదో ఒక వంక కల్పించాలి. మనకి పెళ్ళిచూపులు చాలు. బావా మరదళ్ళ వేళాకోళంలో పెరిగినవాళ్ళకి మాటకి మాట అప్పజెప్పే సంభాషణల రుచీ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఒళ్ళు అలసిపోయిన రోజున సెకండ్ ఛాన్స్ ముట్టుకోకండి. పాత గాయాలు తవ్వుతారు, నిద్ర పట్టదు.

మూడో మెట్టు: కొనేముందు ఈ నాలుగూ చూడండి

పడకగది సన్నివేశాలు ఎంతవరకూ ఉన్నాయన్నది మొదటిది. పాఠకులు దీన్ని స్పైస్ అంటారు. రివ్యూల్లో మిరపకాయ బొమ్మలు పెట్టి కొలుస్తారు. క్లోజ్డ్ డోర్ అని ఉంటే ఆ సమయానికి రచయిత తలుపు మూసేసి మర్నాడు ఉదయానికి వెళ్ళిపోతారు. ఓపెన్ డోర్ అంటే తలుపు తీసే ఉంటుంది. ఏది చదవాలన్నది మీ ఇష్టం. కానీ అట్ట చూసి మోసపోకండి. ముద్దుముద్దుగా కార్టూన్ బొమ్మలున్న అట్టల వెనక ఘాటైన మిరపకాయలు ఉండటం ఇప్పుడు మామూలే. పదో తరగతి పిల్లకి కానుకిచ్చేముందు ఒకసారి రివ్యూ చూడటం మంచిది.

రెండోది, ముందు పేజీల్లో రాసే హెచ్చరికలు. గర్భస్రావం, గృహహింస, ఆత్మహత్య లాంటివి కథలో ఉంటే చాలామంది రచయితలు ఇప్పుడు ముందే చెబుతున్నారు. డార్క్ రొమాన్స్ అన్న ముద్ర ఉంటే అందులో కిడ్నాపులు, బలవంతాలు ఉంటాయని లెక్క. ఆ పుస్తకాలకీ పాఠకులున్నారు గానీ, మంచి జంట కోసం వెతికేవాళ్ళకి అది వేరే వీధి.

మూడోది నిడివి. మిల్స్ అండ్ బూన్ తరహా చిన్న నవల యాభై వేల పదాలు, అటూ ఇటూగా. విడిగా వచ్చే పెద్ద నవలలు ఎనభై వేల నుంచి లక్ష దాకా ఉంటాయి. నిమిషానికి రెండొందల పదాల లెక్కన చిన్నది నాలుగు గంటల పని. విజయనగరం నుంచి రోజూ విశాఖకి అప్ అండ్ డౌన్ చేసేవాళ్ళకి రైల్లో పోను గంట, రాను గంట. సీటు దొరికితే రెండ్రోజుల్లో అయిపోతుంది. సీటు దొరక్కపోతే ఫోన్లో ఆడియో బుక్ పెట్టుకుని తలుపు దగ్గర కాకుండా లోపల నిలబడండి.

నాలుగోది యాప్ సీరియళ్ళకి మాత్రమే: కథ పూర్తయిందో లేదో చూసుకోండి. ముప్పై భాగాలు చదివాక రచయిత ఆపేస్తే ఆ జంట పెళ్ళిపీటల దగ్గరే ఉండిపోతుంది, మీరూ అక్కడే.

కిండిల్‌లో మొదటి కొన్ని పేజీలు శాంపిల్‌గా ఊరికే ఇస్తారు. అది చదవకుండా ఎప్పుడూ డబ్బు కట్టకండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌ల జోలికి పోవద్దు. రాసినవాళ్ళకి రూపాయి వెళ్ళదు. పైగా మధ్యలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, అదీ సరిగ్గా అలక తీరే చోట.

నాలుగో మెట్టు: శాంపిల్‌లోనే జంటని పరీక్షించండి

ఇది బాగా పట్టుబడితే మిగతా మెట్లు తేలిక. నచ్చే జంట అంటే ఏ లోపమూ లేని జంట కాదు. ఆమె మొండిది కావచ్చు, అతనికి అబద్ధాలాడే అలవాటుండొచ్చు. ఎదుటి మనిషిని మనిషిగా చూస్తున్నారా లేదా అన్నదే చూడాలి. ఆ సంగతి ప్రేమ మాటల్లో కన్నా చిన్న చిన్న పనుల్లో బయటపడుతుంది. ఏ పుస్తకం నుంచీ తియ్యకుండా, ఉదాహరణకి ఒక సీను నేనే అల్లి చెబుతాను.

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు, రాత్రి తొమ్మిదిన్నర, జోరున వాన. ఆమెకి పలాస బస్సు తప్పిపోయింది. అతను అదే ఆఫీసులో పనిచేస్తాడు. ముఖపరిచయమే తప్ప ఇంకా స్నేహం కూడా లేదు.

ఒక రచయిత ఇలా రాస్తారు. అతను కారు ఆపి "ఎక్కు" అంటాడు. ఆమె వద్దంటుంది. దిగొచ్చి, చెయ్యి పట్టి లాగి సీట్లో కూర్చోబెట్టి, "నీ మంచికే చెబుతున్నా" అంటాడు. ఆమెకి కోపం, గుండెల్లో దడ. ఆ దడకే రచయిత ప్రేమ అని పేరు పెట్టేస్తారు.

ఇంకొకరు ఇలా రాస్తారు. అతను కారు పక్కన పెట్టి, గొడుగేసుకుని వస్తాడు. "తర్వాతి బస్సు పదిన్నరకటండీ. అంతదాకా తోడుండమంటే ఉంటాను. కార్లో దింపమంటే దింపుతాను. ఏదీ వద్దంటే ఈ గొడుగిచ్చేసి వెళ్ళిపోతాను." ఆమె గొడుగు వైపు చూసి, "ఇది నాకిచ్చేస్తే మీరెలా వెళ్తారు?" అంటుంది. "కారుకి పైకప్పుంది కదండీ." ఆమె నవ్వాపుకోలేకపోతుంది. గొడుగు తీసుకుని, "సరే, మీరెళ్ళండి. రేపు ఆఫీసులో ఇస్తాను" అంటుంది. అతను వెళ్ళిపోతాడు.

రెండింట్లోనూ వానే, కారే. రెండో దాంట్లో అతను వెళ్ళిపోయాడు, ముద్దూ లేదు, ముచ్చటా లేదు. అయినా ఆ రేపటి కోసం మనం పేజీ తిప్పుతాం. ఎందుకో కాస్త ఆగి చూడండి. ఏం చెయ్యాలో తేల్చుకునే వీలు ఆమె చేతిలో పెట్టాడు. తడిసిపోతూ కూడా ఆమె అతనెలా వెళ్తాడని ఆలోచించింది. వేసిన జోకు ఎవరినీ కించపరచలేదు. ఆమె వద్దన్నాక బతిమాలలేదు. ఇన్ని సంగతులు పది వాక్యాల్లో చెప్పగలిగిన రచయితని నమ్మి మిగతా మూడొందల పేజీలు చదవొచ్చు.

శాంపిల్ చదివేటప్పుడు ఇంకా కొన్ని గమనించండి. ప్రేమ కాకుండా ఇద్దరికీ వేరే బతుకుందా? ఉద్యోగం, అప్పు, చెల్లెలి చదువు, నాన్న మోకాలి ఆపరేషన్, ఏదో ఒకటి. అవేమీ లేని పాత్రలు ఒకరినొకరు చూసుకోవడం తప్ప చేసే పనేమీ ఉండదు, యాభయ్యో పేజీకే విసుగొస్తుంది. హోటల్లో సర్వర్‌తో, ఆటో అబ్బాయితో ఎలా మాట్లాడుతున్నారు? హీరోయిన్‌కి ఒక్క స్నేహితురాలైనా ఉందా, లేక కథలో ఉన్న ఆడవాళ్ళంతా ఆమె మీద కుళ్ళుకునేవాళ్ళేనా? అందరూ కుళ్ళుకునేవాళ్ళే అయితే నేను అక్కడే మూసేస్తాను.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒకే ఒక్క పరీక్ష. పైడితల్లి అమ్మవారి పండగ, సిరిమానోత్సవం రోజున విజయనగరంలో మనిల్లు ఎలా ఉంటుందో తెలుసు కదా. చుట్టాలు, పిల్లలు, వరండా నిండా చెప్పులు, వంటింట్లో చోటుండదు. ఆ రోజున ఈ జంటని పిలవాలనిపిస్తుందా? వస్తే అతను ఇస్తర్లు వెయ్యడానికి లేస్తాడా, సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటాడా? ఆమె మీ అత్తగారితో రెండు మాటలు కలుపుతుందా? పిలవబుద్ధి కాకపోతే, వాళ్ళతో రెండు వారాలు గడపడం మీకూ కష్టమే.

ఐదో మెట్టు: చదువు సాగే ఏర్పాటు చేసుకోండి

తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు నవల పట్టుకున్నవాళ్ళు ప్రతి మాటకీ డిక్షనరీ తీసి అలిసిపోతారు. అలా చెయ్యొద్దు. అదే మాట మూడోసారి ఎదురైతే అప్పుడు చూడండి. ఫోన్లో చదువుతుంటే మాట మీద వేలు నొక్కిపట్టుకుంటే అర్థం వస్తుంది. నిజానికి ఇంగ్లీషు చదవడం అలవాటవ్వాలంటే ఇంతకన్నా తేలికైన దారి లేదు. వాక్యాలు చిన్నవి, సగం సంభాషణలే, కథ ఎటు పోతుందో ముందే తెలుసు.

చాలా నవలల్లో ఒక అధ్యాయం ఆమె చెబితే తర్వాతది అతను చెబుతాడు. అధ్యాయం పైన పేరుంటుంది. అది చూసుకోకుండా చదివితే రెండు పేజీలయ్యాక ఎవరు ఎవరి గురించి అంటున్నారో తికమకవుతుంది.

పద్ధతులు వేరుగా ఉన్నచోట అక్కడి కొలతలతోనే చదవాలి. అమెరికా నవలలో పెళ్ళికి ముందు కలిసి కాపురముండటం వార్తే కాదు. "ఐ లవ్ యూ" అని ఎవరు ముందు అన్నారన్నదే పెద్ద వార్త. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కి అతన్ని ఇంటికి తీసుకెళ్ళిందంటే, మన దగ్గర సంక్రాంతికి అబ్బాయిని ఇంటికి తెచ్చి అమ్మానాన్నల ఎదురుగా నిలబెట్టడంతో సమానం. ఈ సంగతి తెలియకపోతే ఆ అధ్యాయంలో అందరూ ఎందుకంత కంగారు పడుతున్నారో అర్థం కాదు.

పాత తెలుగు నవలలకీ ఇదే మాట. 1960, 70ల వారపత్రికల సీరియళ్ళలో పొడుగాటి హీరో, పెద్ద కారు, ఆత్మాభిమానం గల పేదింటి అమ్మాయి. ఆ హీరోల పొగరు ఇప్పుడు కొంచెం గుచ్చుకుంటుంది. అయినా ఉద్యోగానికి బయల్దేరిన ఆడపిల్లని కథకి నడుమ నిలబెట్టింది ఆ నవలలే. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి అడిగితే బైండ్లు బయటికొస్తాయి.

ఒకటో రెండో కాగితం పుస్తకాలు ఇంట్లో ఉంచుకోండి. తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్ ఛార్జింగ్ టార్చిలైటుకీ, చుట్టాల క్షేమసమాచారాలకీ దాచుకోవాల్సిన రోజులవి. అలాంటప్పుడు పగటి వెలుతురులో చదువుకోవడానికి అట్ట చిరిగిన పుస్తకమే గతి.

ఆరో మెట్టు: ముప్పాతిక దగ్గర వచ్చే గొడవని జాగ్రత్తగా చదవండి

పుస్తకంలో డెబ్బై, ఎనభై శాతం మధ్య దాదాపు ప్రతి నవలలోనూ ఇద్దరూ విడిపోతారు. కొత్త పాఠకులు ఇక్కడ కంగారుపడతారు, పాత పాఠకులు విసుక్కుంటారు. నేను మాత్రం ఈ భాగాన్ని పెన్సిల్ పట్టుకుని చదువుతాను. రచయిత అసలు బలం తేలేది ఇక్కడే.

మొదట, గొడవకి కారణం చూడండి. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థమైతే, ఆ ఫోన్ ఎందుకు చెయ్యలేదన్నదానికి మనిషి స్వభావంలో జవాబుండాలి. చిన్నప్పటి నుంచీ అడిగిన ప్రతిదానికీ తిట్లు తిన్న పిల్ల అడగటానికి భయపడిందంటే నమ్ముతాం. ఫోన్ నీళ్ళలో పడిపోయిందంటే రచయితకి పేజీలు తక్కువయ్యాయన్నమాట.

తర్వాత, క్షమాపణ. మా పిన్నిది నరసన్నపేట. ఇంగ్లీషు చదవదు గానీ నేను చదివిన ప్రతి కథా ఫోన్లో చెప్పించుకుంటుంది. ఒకసారి ఒక నవల ఆఖరి ఘట్టం చెబుతున్నాను: అతను విమానం పట్టుకుని, గులాబీలు పట్టుకుని, వందమంది ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడని. పిన్ని అంతా విని, "ఏటి, పూలట్టుకొచ్చీసినాడా? మరి ఈడి మూలాన ఆ గుంట ఉజ్జోగం పోయింది కదా, దాని మాటేటి?" అంది. (గుంట అంటే మా వైపు అమ్మాయి.) నా దగ్గర జవాబు లేదు, ఆ రచయిత దగ్గరా లేదు. అప్పట్నుంచి ప్రతి నవల చివర్లోనూ అదే చూస్తున్నాను. ఏ తప్పు చేశాడో దాన్నే సరిదిద్దాడా, లేక దాని మీద పూలు కప్పాడా? పదిమంది ఎదుట చెప్పిన క్షమాపణలో ఆమె మీద ఒత్తిడి కూడా ఉంటుంది. వంటింట్లో నిలబడి, "ఆ రోజు నీ మాట నమ్మకపోవడం నా తప్పు" అని పేరు పెట్టి చెప్పిన క్షమాపణ నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇలాంటి కథలు మన నేలకి కొత్త అనుకునేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విజయనగరంలో గురజాడ అప్పారావుగారు 1910లో రాసిన "దిద్దుబాటు" ఒక భార్యాభర్తల కథ. భోగంమేళాలకి తిరిగే మొగుడికి, ఉత్తరం రాసిపెట్టి పుట్టింటికి వెళ్ళిపోయినట్టు నాటకమాడి, మంచం కింద దాక్కుని బుద్ధి చెప్పిన చదువుకున్న భార్య ఆమె. అందులో తప్పు, విడిపోతామన్న భయం, పశ్చాత్తాపం, నవ్వు, అన్నీ కొద్ది పేజీల్లోనే ఉన్నాయి. అతను నిజంగా మారాడా, ఆ రాత్రికి హడలిపోయాడా అన్నది మాత్రం నాకిప్పటికీ అనుమానమే. అలా అనుమానిస్తూ చదవడం కూడా ఒక ఆనందం.

ఏడో మెట్టు: నచ్చకపోతే ఆపెయ్యండి

యాభై పేజీలు ఇవ్వండి. అప్పటికీ ఇద్దరిలో ఒక్కరి మీదైనా మనసు కలగకపోతే మూసెయ్యండి. డబ్బులిచ్చాం కదా అని చేదు మందులా మింగక్కర్లేదు. అయితే ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో ఒక్క ముక్క రాసిపెట్టుకోండి. అలాంటివి నాలుగైదు పోగయ్యేసరికి మీకు ఏది పడదో మీకే తెలుస్తుంది. కొందరికి అబద్ధం మీద నిలబడ్డ ప్రేమ పడదు, కొందరికి బాస్‌కీ ఉద్యోగినికీ మధ్య కథ పడదు. అది తెలిశాక పుస్తకం ఎంచుకోవడానికి వెనక అట్ట చాలు.

ఎనిమిదో మెట్టు: ఎవరితోనైనా చెప్పుకోండి, తర్వాతది పట్టుకోండి

ఈ నవలలు ఒంటరిగా చదివితే సగమే. మరదలితోనో, ఆఫీసులో పక్క సీటు ఆవిడతోనో, మగస్నేహితుడితోనో మాట్లాడండి. మగవాళ్ళు చదవరనుకోకండి, చదువుతారు, అట్టకి పేపరు చుట్టుకుంటారు. మాట్లాడేటప్పుడు "బావుందా?" అని అడిగితే "బావుంది" దగ్గర ఆగిపోతుంది. "గొడవలో ఎవరి వైపున్నావు?" అని అడిగి చూడండి, టీ చల్లారిపోతుంది.

ఒక జంట మరీ నచ్చితే వెంటనే ఇంకో నవల మొదలుపెట్టొద్దు. రెండ్రోజులాగండి, లేకపోతే కొత్తవాళ్ళు పాపం ఆ పాతవాళ్ళతో పోలికలో నలిగిపోతారు. ఆ రెండ్రోజుల్లో నచ్చిన అధ్యాయం ఒకటి మళ్ళీ చదవండి. ఎక్కడ మొదటిసారి మనసు మారిందో ఈసారి కనిపిస్తుంది. ఎక్కువసార్లు అది ముద్దు సీనుకి చాలా ముందే ఉంటుంది.

తర్వాతి పుస్తకం కోసం దూరం వెళ్ళక్కర్లేదు. ఈ నవలలు చాలావరకు సిరీస్‌లుగా వస్తాయి. మొదటి పుస్తకంలో హీరోయిన్ చెల్లెలో, హీరో స్నేహితుడో రెండోదాంట్లో ముఖ్యపాత్ర అవుతారు, పాత జంట మధ్యమధ్యలో భోజనానికి వచ్చిపోతుంటుంది. వరుసలోనే చదవాలన్న పట్టింపు అక్కర్లేదు. రెండో పుస్తకం ముందు దొరికితే అదే మొదలుపెట్టండి. మహా అయితే మొదటి జంటకి పెళ్ళయిందని తెలిసిపోతుంది, అదెలాగూ తెలిసిందే.